ముందు మందు, తర్వాత కత్తి

“గడ్డని లోపలే ఉంచుకుని మందులేమిటి? ముందు దాన్ని తీసిపారెయ్యరా?”

రొమ్ము కేన్సర్ అని తేలిన స్త్రీకి ముందు కీమోథెరపీ ఇస్తామనీ, ఆపరేషన్ ఆ తర్వాతేననీ డాక్టర్లు చెప్పినప్పుడు చాలా ఇళ్ళల్లో మొదట వచ్చే ప్రశ్న ఇది. అట్లా అడగడం సహజమే. ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా కోసేస్తే అంత క్షేమం అనే నమ్మకం మనందరి మనసుల్లోనూ నాటుకుపోయి ఉంది. ఆ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. దాదాపు ఎనభై ఏళ్ళ పాటు శస్త్రవైద్యం స్త్రీల శరీరాల మీద దాన్ని అమలు చేసింది. ముందు మందు, తర్వాత కత్తి అనే క్రమం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఈ క్రమం ఎట్లా వచ్చింది, దానివల్ల స్త్రీలకి ఏం దక్కింది, ఏం దక్కలేదు అని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వైద్య చరిత్రని మనం సాధారణంగా మందులు కనిపెట్టిన మగవాళ్ళ కథగా చదువుతాం. అందులో స్త్రీలు కేసులుగా, సంఖ్యలుగా వస్తారు. కానీ ఈ చికిత్స నిలబడి ఉన్నది ఒక విరామం మీద. జబ్బు ఫలానా అని తెలియడానికీ, కత్తి పడటానికీ మధ్య ఉండే కొన్ని నెలల కాలం అది. ఆ కాలంలోనే మందు పనిచేస్తుంది, గడ్డ దానికి ఎట్లా స్పందిస్తోందో కంటికి కనపడుతుంది. ఒకప్పుడు స్త్రీలకి ఆ విరామం లేదు. దాని కోసం స్త్రీలు కొట్లాడవలసి వచ్చింది.

కోతల కాలం

1811 సెప్టెంబర్ 30న పారిస్‌లో ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రికి రొమ్ము తొలగించారు. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన లారీ ఆ శస్త్రవైద్యుడు. అప్పటికి మత్తుమందు లేదు. ముఖం మీద పలుచటి చేతిరుమాలు కప్పారు. దాని గుండా ఆమె అన్నీ చూస్తూనే ఉంది. కొన్ని నెలల తర్వాత అక్క ఎస్తర్‌కి రాసిన ఉత్తరంలో ఆమె ఆ రోజుని క్షణం క్షణం నమోదు చేసింది. ఆపరేషన్ ఏ రోజు అన్న సంగతి కూడా ఆమెకి కొద్ది గంటల ముందే తెలిసింది. ఆమె ఆ తర్వాత 1840 దాకా బతికింది. రొమ్ము ఆపరేషన్ గురించి కోయించుకున్న మనిషే రాసిన తొలి వివరమైన కథనాల్లో ఆ ఉత్తరం ఒకటి.

మత్తుమందు వచ్చాక నొప్పి తగ్గింది కానీ కోత పెరిగింది. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 1882లో మొదలుపెట్టి, 1894లో 50 మంది స్త్రీల వివరాలతో ప్రకటించిన ‘రాడికల్ మాస్టెక్టమీ’లో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు అన్నీ తీసేసేవాళ్ళు. కేన్సర్ ఒక కేంద్రం నుంచి పక్కకి, అక్కడి నుంచి గ్రంథులకి, ఆ తర్వాతే దూరంగా వరుసక్రమంలో పాకుతుందని ఆయన నమ్మకం. కాబట్టి ఎంత వెడల్పుగా తీస్తే అంత మంచిది. బతికి బయటపడ్డ స్త్రీలకి ఛాతీ గుంటపడి పక్కటెముకలు కనపడేవి. చెయ్యి వాచిపోయేది. చెయ్యెత్తి జడ వేసుకోవడం కూడా కష్టమయ్యేది. అయినా ఈ పద్ధతి దాదాపు ఎనభై ఏళ్ళు ఎదురులేకుండా సాగింది.

ఈ కోతకి జతగా ఇంకో ఆచారం ఉండేది. గడ్డ ఉన్న స్త్రీని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి మత్తు ఇస్తారు. చిన్న ముక్క తీసి అప్పటికప్పుడు పరీక్షకి పంపుతారు. కేన్సర్ అని జవాబొస్తే అదే మత్తులో రొమ్ము తీసేస్తారు. ఆమె ముందుగానే కాగితం మీద సంతకం పెట్టి ఉంటుంది. మెలకువ వచ్చాక తన ఛాతీ మీది కట్టుని తడుముకుని తెలుసుకోవలసిందే, తనకి కేన్సర్ ఉందో లేదో, రొమ్ము ఉందో లేదో. జబ్బు తెలియడానికీ కత్తికీ మధ్య వ్యవధి కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో ఆమె స్పృహలో ఉండదు.

విరామం కోసం

1974లో రోజ్ కుష్నర్ అనే అమెరికన్ పత్రికా రచయిత్రి తన రొమ్ములో గడ్డ చూసుకుంది. ముందు బయాప్సీ మాత్రమే చెయ్యండి, ఫలితం తెలిశాక నేను ఆలోచించుకుని నిర్ణయించుకుంటాను అని అడిగింది. అందుకు ఒప్పుకునే శస్త్రవైద్యుడి కోసం ఆమె డజనుకు పైగా డాక్టర్లని అడగవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కి పాత పద్ధతిలోనే, ఒకే మత్తులో పరీక్షా ఆపరేషనూ చెయ్యబోతున్నారని తెలిసి కుష్నర్ వైట్‌హౌస్‌కి ఫోన్ చేసింది. అధ్యక్షుడు నిర్ణయం తీసేసుకున్నారని తనకి జవాబిచ్చారని ఆమె తర్వాత చెప్పింది. రొమ్ము ఎవరిది, నిర్ణయం ఎవరిది అనే ప్రశ్నకి దీనికన్నా వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

కుష్నర్ 1975లో తన అనుభవాన్నీ, తను చేసిన పరిశోధననీ కలిపి పుస్తకం రాసింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశంలో డాక్టరు కాని సభ్యురాలిగా కూర్చుంది. హాల్‌స్టెడ్ పద్ధతి ఇక ప్రామాణిక చికిత్స కాదనీ, బయాప్సీ ఒకసారి, ఆపరేషన్ మరోసారి విడివిడిగా జరగాలనీ ఆ సమావేశం చెప్పింది. ఆపరేషన్‌కి ముందు కీమో అనే ఆలోచన ఈ ఒక్క పోరాటం నుంచే పుట్టిందని నేననడం లేదు. కానీ మత్తులోనే అంతా ముగిసిపోయే పద్ధతిలో దానికి చోటే లేదు.

ఇదే కాలంలో వైద్యం లోపల కూడా తిరుగుబాటు మొదలైంది. పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్ హాల్‌స్టెడ్ సిద్ధాంతాన్నే ప్రశ్నించాడు. రొమ్ము కేన్సర్ చాలామందిలో మొదటి నుంచే రక్తం ద్వారా శరీరమంతా చేరే అవకాశం ఉన్న జబ్బు, అట్లాంటప్పుడు ఛాతీని ఇంకాస్త వెడల్పుగా కోసి ప్రయోజనమేమిటి అన్నాడు. 1971లో మొదలైన ట్రయల్‌లో 1,665 మంది స్త్రీలు, 1976లో మొదలైన మరో ట్రయల్‌లో 1,851 మంది స్త్రీలు పాల్గొన్నారు. పెద్ద కోతవల్ల ఎవరూ ఎక్కువ కాలం బతకలేదనీ, గడ్డవరకు తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందనీ తేలింది. ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి 701 మంది స్త్రీలతో చేసి 1981లో ప్రకటించిన ట్రయల్ కూడా అదే చెప్పింది.

యుద్ధం నుంచి, భీమవరం నుంచి

మరి శరీరమంతా ఉండే జబ్బుకి శరీరమంతా తిరిగే మందు కావాలి. ఆ మందుల పుట్టుక విచిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన మస్టర్డ్ వాయువు తెల్లరక్తకణాల్ని నాశనం చేస్తుందని గమనించిన శాస్త్రవేత్తలు, దాని రసాయన బంధువుని 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లింఫ్ గ్రంథుల కేన్సర్ రోగికి ఇచ్చి చూశారు. ఆ కుటుంబానికి చెందినదే, ఈనాటికీ రొమ్ము కేన్సర్‌లో వాడే సైక్లోఫాస్ఫమైడ్.

రెండో దారి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నుంచి వస్తుంది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లానికి ఎదురునిలిచే పదార్థాలు తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ 1947-48లో రక్తకేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావుని తెలుగువాళ్ళం గర్వంగా తలుచుకుంటాం. ఆయన ఎన్నడూ తిరిగిరాని ఇంట్లో ఉండిపోయిన భార్య శేషగిరిని మాత్రం అరుదుగా తలుచుకుంటాం.

ఆ మందుల్ని రొమ్ము కేన్సర్‌కి చేర్చినవాళ్ళలో ముఖ్యురాలు జేన్ కుక్ రైట్. న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో పనిచేసిన నల్లజాతి డాక్టరు ఆమె. ఫోలిక్ ఆమ్ల విరోధులతో రొమ్ము కేన్సర్ గడ్డలు తగ్గుతున్నాయని 1951లోనే చూపించింది. కేన్సర్ అంటే కత్తి, రేడియేషన్ మాత్రమే అనుకుంటున్న రోజులవి. రోగి నుంచి తీసిన కణజాలాన్ని ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకి అది ఎట్లా స్పందిస్తుందో ముందే తెలుసుకోవాలని ఆమె ప్రయత్నించింది. అంటే ‘ఈ మనిషి గడ్డ ఈ మందుకి ఏమంటుంది’ అనే ఈనాటి ప్రశ్నని ఆమె డెబ్భై ఏళ్ళ క్రితమే వేసింది. 1964లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘాన్ని స్థాపించిన ఏడుగురిలో ఆమె ఒక్కతే స్త్రీ.

మిలాన్‌లో జాన్నీ బొనడోన్నా సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ మూడింటినీ కలిపి, ఆపరేషన్ అయిన 386 మంది స్త్రీలలో సగంమందికి ఇచ్చి, 1976లో ఫలితాలు ప్రకటించాడు. జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. అప్పటినుంచి ‘ముందు కత్తి, తర్వాత మందు’ అనేది పద్ధతి అయింది. ఆ క్రమం మారడం మొదలైంది ఆపరేషన్‌కే పనికిరారని పక్కన పెట్టిన స్త్రీల దగ్గర.

కత్తి అందని స్త్రీలు

గడ్డ చర్మాన్ని చీల్చుకుని పుండైన వాళ్ళు, ఛాతీ గోడకి అతుక్కుపోయిన వాళ్ళు, రొమ్మంతా ఎర్రగా వాచిపోయిన వాళ్ళు. ఇట్లాంటి వాళ్ళకి ఆపరేషన్ చేసినా ప్రయోజనం లేదని 1943లో హాగెన్సెన్, స్టౌట్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు లక్షణాల జాబితా తయారుచేశారు. కత్తికి అందని వీళ్ళకి ముందు మందు ఇచ్చి చూద్దాం అనుకున్నారు మిలాన్ వైద్యులు. 1978లో వాళ్ళు ప్రకటించిన 110 మంది స్త్రీల అనుభవంలో చాలామందికి గడ్డ తగ్గి, ఆపరేషనో రేడియేషనో సాధ్యమైంది.

మన దేశంలో ఈ చికిత్సకి ప్రధాన కారణం ఇదే. ధనిక దేశాల పుస్తకాల్లో ముందు కీమో అంటే రొమ్ము నిలుపుకోవడానికి ఒక మార్గం. ఇక్కడ అది ఆపరేషన్ దాకా చేరడానికి మార్గం. గడ్డ కనపడ్డ రోజుకీ ఆసుపత్రి మెట్లెక్కిన రోజుకీ మధ్య మన స్త్రీలకి నెలలు గడుస్తాయి. అది వాళ్ళు కోరుకున్న విరామం కాదు. నొప్పి లేదు కదా అని, పంట చేతికొచ్చాక చూద్దామని, పిల్ల పెళ్ళి కానీ అని, మగ డాక్టరుకి ఎట్లా చూపించేదని గడిచిపోయే కాలం అది. ‘రొమ్ము’ అనే మాటని నలుగురిలో పలకడానికే మనకి నోరు రాదు. ఎద అంటాం, ఛాతీ అంటాం, ‘అక్కడ’ అంటాం. పేరు చెప్పుకోలేని చోట వచ్చిన గడ్డ గురించి ఎవరికి చెప్పుకుంటారు?

ఈ స్త్రీల కోసం పద్ధతి ప్రకారం పనిచేసిన చోట్లలో మద్రాసు అడయార్‌లోని కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, తన చెల్లెలు కేన్సర్‌తో చనిపోవడం చూసి, విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ద్వారా పట్టుబట్టి, 1954లో దాన్ని మొదలుపెట్టింది. మరుసటి ఏడు అందులో చేరిన డాక్టర్ వి. శాంత 2021లో చనిపోయేదాకా ఆ ప్రాంగణాన్ని వదల్లేదు. బాగా ముదిరిన రొమ్ము గడ్డలకి కీమో, రేడియేషన్ రెండూ ముందు ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చెయ్యడం అక్కడి పద్ధతి. 1990 నుంచి 1999 వరకు ఆ విధంగా చికిత్స పొందిన వెయ్యిమందికి పైగా స్త్రీల వివరాల్ని శాంత, ఆమె సహచరులు 2008లో ప్రచురించారు. తెలుగు జిల్లాల నుంచి మద్రాసు రైలెక్కిన ఎన్నో కుటుంబాలకి ‘అడయార్’ అనేది ఒక పేట పేరుగా కాక ఆసుపత్రి పేరుగానే తెలుసు. స్త్రీల సంఘం ఒకటి నిలబెట్టిన ఆసుపత్రి అదని మాత్రం ఎక్కువమందికి తెలియదు.

1,523 మంది

ఆపరేషన్ సాధ్యమయ్యే స్త్రీలకి కూడా ముందు మందు ఇస్తే మేలా? ఫిషర్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో అసలు గడ్డని తీసేసిన వెంటనే మిగతాచోట్ల కణాలు వేగంగా పెరిగాయి. ముందే మందు ఇస్తే ఆ పెరుగుదల ఆగింది. మనుషుల్లోనూ అదే జరిగితే ముందు కీమో పొందిన స్త్రీలు ఎక్కువకాలం బతకాలి. దీన్ని తేల్చడానికి 1988 నుంచి 1993 వరకు అమెరికా, కెనడాల్లో 1,523 మంది స్త్రీలు బీ-18 అనే ట్రయల్‌లో చేరారు. సగంమందికి ఆడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ నాలుగు విడతలు ఆపరేషన్‌కి ముందు. సగంమందికి అవే మందులు, అన్నే విడతలు ఆపరేషన్ తర్వాత.

తొమ్మిదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు ఒక గుంపులో నూటికి 69, రెండో గుంపులో నూటికి 70. ఎలుకలు చెప్పింది మనుషుల్లో నిజం కాలేదు. మందు ముందు ఇచ్చినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు. అయితే తగ్గనూ లేదు. “గడ్డని లోపలే ఉంచుకుంటే ముదిరిపోదా” అన్న మొదటి ప్రశ్నకి అసలు జవాబు ఇదే. ఆ జవాబు 1,523 మంది స్త్రీల శరీరాల నుంచి వచ్చింది.

ఆయుష్షు సంగతి అట్లా ఉంచితే, రెండు తేడాలు కనపడ్డాయి. ముందు మందు తీసుకున్నవాళ్ళలో 68 శాతం మందికి రొమ్ము నిలబెట్టే ఆపరేషన్ సరిపోయింది. రెండో గుంపులో అది 60 శాతం. చంక గ్రంథుల్లో కేన్సర్ కనపడ్డవాళ్ళు 57 శాతం నుంచి 41 శాతానికి తగ్గారు. మిలాన్‌లో బొనడోన్నా 1990లోనే, మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డలున్న స్త్రీలలో దాదాపు నూటికి 80 మందికి రొమ్ము పూర్తిగా తీసే అవసరం తప్పించవచ్చని చూపించి ఉన్నాడు.

ఈ ‘రొమ్ము నిలబెట్టడం’ అనే విజయాన్ని కూడా కొంచెం ఆగి చూడాలి. ఒక రొమ్ము పోయాక కృత్రిమ రొమ్ము పెట్టుకోమని తనని ఒత్తిడి చేసిన ఆసుపత్రి వాతావరణం గురించి ఆడ్రె లార్డ్ 1980లో ‘ది కేన్సర్ జర్నల్స్’ రాసింది. స్త్రీ తన నష్టంతో తను నిజాయితీగా తలపడకుండా, చూసేవాళ్ళకి ఇబ్బంది లేకుండా చెయ్యడమే వాళ్ళ ఆత్రమని ఆమె విమర్శ. రొమ్ము ఎవరి కోసం నిలబెడుతున్నారన్నది ఈనాటికీ అడగవలసిన ప్రశ్నే. ఆమె తన కోసం కోరుకుంటే అది హక్కు. భర్త కోసం, చీర కట్టు కోసం అని ఇంకొకళ్ళు నిర్ణయిస్తే అది పాత కథే. పైగా దీనికో మూల్యం ఉంది. పది పాత ట్రయళ్ళలోని 4,756 మంది స్త్రీల వివరాల్ని కలిపి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, పదిహేనేళ్ళలో అదే చోట జబ్బు తిరగబెట్టడం ముందు కీమో గుంపులో 21.4 శాతం, తర్వాత కీమో గుంపులో 15.9 శాతం. మరణాల్లో తేడా లేదు. ఈ రెండు అంకెలూ ఆమె ముందు పెట్టాకే ‘నిర్ణయం నీదే’ అనడంలో అర్థముంటుంది.

గడ్డ చెప్పే జవాబు

బీ-18లో ఆయుష్షు కన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకోచోట ఉంది. నాలుగు విడతల తర్వాత 36 శాతం స్త్రీలలో చేతికి గడ్డ తగల్లేదు. కానీ ఆపరేషన్ చేసి తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, కేన్సర్ కణాలు నిజంగా మాయమైనవాళ్ళు మొత్తంలో 13 శాతమే. అంటే గడ్డ చేతికి తగలకపోవడం వేరు, కేన్సర్ లేకపోవడం వేరు. “గడ్డ కరిగిపోయింది కదా, ఇంకా ఆపరేషన్ ఎందుకు” అనుకునే స్త్రీకి ఇది స్పష్టంగా చెప్పాలి. మందు మొదలుపెట్టే ముందే గడ్డ ఉన్నచోట సన్నని లోహపు గుర్తు పెట్టేది కూడా ఇందుకే. గడ్డ పూర్తిగా కరిగిపోయినా ఎక్కడ కొయ్యాలో తెలియాలి.

రొమ్ములోనూ చంకలోనూ పాకే కేన్సర్ ఏదీ మిగలకపోవడాన్ని ‘సంపూర్ణ స్పందన’ అంటారు. ఆ జవాబు వచ్చిన స్త్రీలు మిగతావాళ్ళ కన్నా ఎక్కువకాలం ఆరోగ్యంగా ఉన్నారు. మరయితే సంపూర్ణ స్పందనల్ని పెంచే మందు వాడితే అందరి ఆయుష్షూ పెరగాలి కదా? బీ-27 ట్రయల్‌లో 2,411 మంది స్త్రీలు పాల్గొన్నారు. డోసిటాక్సెల్ అనే మందు జతచేస్తే సంపూర్ణ స్పందన 14 శాతం నుంచి 26 శాతానికి పెరిగింది. ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఈ చిక్కుముడిని కొంత విప్పింది రొమ్ము కేన్సర్ ఒకే జబ్బు కాదన్న అవగాహన. 2000లో అమెరికా, నార్వే శాస్త్రవేత్తలు గడ్డల జన్యువుల పనితీరుని చిత్రపటాల్లాగా గీసి చూపించారు. నార్వే వైపు ఈ పరిశోధనకి నాయకత్వం వహించింది ఆన్-లీజ్ బొర్రెసెన్-డాలె. వాళ్ళు పరిశీలించిన గడ్డల్లో ఇరవై గడ్డల నుంచి ముక్కల్ని రెండేసి సార్లు తీశారు, పదహారు వారాల కీమోకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మందు పడ్డాక కూడా ఒక స్త్రీ గడ్డ చాలావరకు తనలాగే ఉంది, పక్క స్త్రీ గడ్డలాగా మారలేదు. ఒక్కో గడ్డకీ ఒక్కో స్వభావం ఉందని అట్లా తెలిసింది. ఆపరేషన్‌కి ముందు మందు ఇచ్చే పద్ధతి లేకపోతే ఆ రెండో ముక్క దొరికేదే కాదు.

2014లో పట్రీషియా కోర్టజార్ నాయకత్వంలో పన్నెండు ట్రయళ్ళ నుంచి 11,955 మంది స్త్రీల వివరాల్ని కలిపి చూశారు. హార్మోన్ గ్రాహకాలుండి నెమ్మదిగా పెరిగే గడ్డల్లో సంపూర్ణ స్పందన సుమారు 7 శాతమే. మూడు గ్రాహకాలూ లేని ‘ట్రిపుల్ నెగటివ్’ రకంలో మూడో వంతు. హెర్-2 ఉండి హార్మోన్ గ్రాహకాలు లేని రకంలో, ట్రాస్టుజుమాబ్ కూడా ఇస్తే దాదాపు సగం. మొదటి రకం కరగకపోయినా, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాడే హార్మోన్ మాత్రలవల్ల ఆ స్త్రీలు బాగానే ఉండవచ్చు. మిగతా రెండు రకాల్లో మాత్రం ఈ జవాబుకి విలువ చాలా ఎక్కువ.

ఫెయిలైంది ఎవరు?

ఇక్కడ భాష గురించి ఒక మాట. మందు పనిచెయ్యకపోతే వైద్య పరిభాషలో పేషెంటు ‘కీమో ఫెయిలైంది’ అంటారు. పరీక్ష తప్పిన పిల్లలాగా ఆమె తప్పిందన్నట్టు. ఇంట్లో అది “నీకు ధైర్యం చాల్లేదు”, “సరిగ్గా తినలేదు”, “ఎప్పుడూ ఏడుస్తూ కూర్చున్నావు” అవుతుంది. చివరికి ఏ జన్మలో చేసుకున్న పాపమో అవుతుంది. ఈ చరిత్ర మొత్తం చెప్పే సంగతి వేరు. గడ్డ స్పందన దాని జీవ స్వభావాన్ని బట్టీ, ఇచ్చిన మందుని బట్టీ ఉంటుంది. ఏడ్చినందువల్ల ఎవరి గడ్డా కరగకుండా ఉండిపోలేదు.

కరగకపోవడం కూడా ఇప్పుడు ఒక సమాచారం. 2017లో జపాన్, దక్షిణ కొరియాల ట్రయల్ ఒకటి, హెర్-2 లేని రకాల్లో కేన్సర్ మిగిలిపోయిన స్త్రీలకి ఆపరేషన్ తర్వాత కాపెసిటాబిన్ మాత్రలు ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని చూపింది. హెర్-2 రకంలో జబ్బు మిగిలిన 1,486 మంది మీద చేసి 2019లో ప్రకటించిన ‘కేథరిన్’ ట్రయల్‌లో, ఆపరేషన్ తర్వాత మందు మార్చినవాళ్ళలో మూడేళ్ళకి 88 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. పాత మందే కొనసాగించినవాళ్ళలో 77 శాతం. ముందు మందు ఇచ్చి జవాబు వినడంవల్ల స్త్రీల ప్రాణాలకి కలిగిన నిజమైన లాభం ఇది. 1988లో ఎవరూ ఊహించిన లాభం కాదు.

అయితే జవాబు విన్నాక ఇచ్చే మందు ఎవరికి అందుతుంది? ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఎన్నో ఏళ్ళ పాటు మన దేశంలో దాని ధర మామూలు కుటుంబాల ఊహకి కూడా అందేది కాదు. 2012లో కల్యాణి మీనన్-సేన్ వంటి స్త్రీవాద కార్యకర్తలు దాన్ని అందుబాటు ధరకి తేవాలని ఉద్యమం నడిపారు. 2013లో రోష్ కంపెనీ ఇక్కడి పేటెంటుని వదులుకుంది. 2014లో బయోకాన్ తయారుచేసిన మందు మార్కెట్లోకి వచ్చింది. ధర తగ్గింది కానీ ఆ తర్వాత వచ్చిన మందులు మళ్ళీ అందనంత ఎత్తులోనే మొదలయ్యాయి. గడ్డ స్వభావం తెలిసీ దానికి తగిన మందు కొనలేని స్త్రీ విషయంలో ఫెయిలైంది ఎవరో మనం వేరే చెప్పుకోవాలి.

మందు మీద మితిమీరిన నమ్మకం కూడా ప్రమాదమే. కీమో మరీ తీవ్రమైతే అది ఎనభైల నాటి హాల్‌స్టెడ్ పద్ధతి అవుతుందా అని రోజ్ కుష్నర్ 1984లోనే ఒక వైద్య పత్రికలో అడిగింది. తొంభైల్లో ఎముక మజ్జ దెబ్బతినేంత మోతాదులో కీమో ఇచ్చే చికిత్స వేలమంది స్త్రీల మీద ప్రయోగించారు. దానికి బలమైన ఆధారంగా చూపిన దక్షిణాఫ్రికా వైద్యుడు బెజ్వోడా ఫలితాలు బూటకమని 2000లో బయటపడింది. అప్పటికి కుష్నర్ చనిపోయి పదేళ్ళైంది.

ఆమె కోరిన దిశలో కొన్ని అడుగులు ఇప్పుడు పడుతున్నాయి. 2022లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ కేంద్రం 50 మంది స్త్రీలతో చేసిన చిన్న అధ్యయనాన్ని ప్రకటించింది. అందరివీ హెర్-2, లేదా ట్రిపుల్ నెగటివ్ రకం గడ్డలే. కీమో తర్వాత లావుపాటి సూదితో గడ్డ ఉన్నచోట ముక్కలు తీసి చూస్తే 31 మందిలో కేన్సర్ కనపడలేదు. వాళ్ళకి రొమ్ము మీద ఆపరేషనే చెయ్యకుండా రేడియేషన్ మాత్రం ఇచ్చారు. రెండేళ్ళు దాటేసరికి ఎవరికీ జబ్బు తిరగబెట్టలేదు. ఇది చిన్న సంఖ్య, చిన్న వ్యవధి. దీన్ని పట్టుకుని ఎవరూ ఆపరేషన్ మానుకోకూడదు. కానీ ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిది అన్న చోట మొదలైన చరిత్ర, అసలు కొయ్యాలా అని అడిగే చోటికి వచ్చింది.

ఈ ప్రయాణంలో డాక్టర్ల పేర్లు మనకి మిగిలాయి. 1,523 మందిలో ఒక్కరి పేరు కూడా మనకి తెలియదు. ఏ గుంపులో పడతామో తెలియకుండా, ఏ పద్ధతి మంచిదో ఎవరికీ తెలియని రోజుల్లో వాళ్ళు చీటీ తియ్యడానికి ఒప్పుకున్నారు. ఇవాళ మన ఊళ్ళో ఏ స్త్రీకైనా ముందు కీమో అని డాక్టరు ధైర్యంగా చెప్పగలుగుతున్నాడంటే అది వాళ్ళ మీద నిలబడే. అందుకని ఆ స్త్రీకి కొన్ని సంగతులు అడిగే హక్కు ఉంది. నా గడ్డ ఏ రకం? ముందు మందు నాకెందుకు? ఆపరేషన్ తర్వాత పరీక్షలో ఏం మిగిలిందని తేలింది? ఆ రిపోర్టు నా చేతికివ్వండి, అందులో ఏముందో నాకు అర్థమయ్యే తెలుగులో చెప్పండి. భర్తకో కొడుక్కో కాదు, నాకు.